రానో కావులో తుంగ

"ఇదేంటమ్మాయ్, ఇక్కడ తుంగ ఉందేంటి?"

అత్తయ్యగారు ఆ మాట అన్నప్పుడు మేమిద్దరం చల్లారిపోయిన ఒక అగ్నిపర్వతం అంచున నిలబడి ఉన్నాం. చుట్టూ పసిఫిక్ మహాసముద్రం. తూర్పున చిలీ తీరం సుమారు 3,700 కిలోమీటర్లు. పడమర వైపు మనుషులుండే దగ్గరి దీవి పిట్‌కెయిర్న్, అదీ రెండు వేల కిలోమీటర్ల పైమాటే. ఈస్టర్ దీవి అంటే అంత ఒంటరి నేల. అలాంటి చోట, కాళ్ళ కింద రెండు వందల మీటర్ల లోతున నీళ్ళూ, ఆ నీళ్ళ మీద తేలే పచ్చటి తెప్పలూ చూసి ఆవిడ గుర్తుపట్టింది కొల్లేటి తుంగని.

నాలుగు నెలల్లో ఆవిడ తనంతట తాను నన్ను పలకరించడం అదే మొదటిసారి. అందుకే పన్నెండేళ్ళు దాటినా ఆ మాట, అప్పటి గాలి చప్పుడుతో సహా నా చెవుల్లో ఉంది.

2013 జనవరిలో మామయ్యగారు పోయారు. అప్పట్లో మావారి ఉద్యోగం శాంటియాగోలో. కైకలూరు దగ్గర పల్లెలో అంత పెద్ద ఇంట్లో అత్తయ్యగారిని ఒక్కరినీ వదిలి ఉండలేక, మే నెలలో మా దగ్గరికి తెచ్చుకున్నాం. ఆవిడ పుట్టింది కొల్లేటి లంక ఊళ్ళో, మెట్టింది కూడా కొల్లేటి ఒడ్డునే. విమానం ఎక్కడం అదే మొదలు. పాత చీర చెంగు చింపి, అందులో గోంగూర, బీర, చిక్కుడు, దోస విత్తనాలు దేనికది ముడి వేసి తెచ్చారు. కొడుకు ఇంట్లో పాదు పెట్టాలని. ఎయిర్‌పోర్టులో తనిఖీవాళ్ళు ఆ ముడులన్నీ విప్పి చూసి, తలలు అడ్డంగా ఊపి, చెత్తబుట్టలో వేశారు. వాళ్ళ తప్పేం లేదు. ఆ దేశం పళ్ళతోటల మీద బతుకుతుంది, బయటి గింజ, బయటి పురుగు అంటే వాళ్ళకి ప్రాణభయం. ఆ సంగతి ముందే ఫోన్లో చెప్పాల్సింది నేను. చెప్పలేదు. ఆవిడ ఖాళీ గుడ్డముక్కని మళ్ళీ మడతపెట్టి బొడ్లో దోపుకోవడం చూశాక గానీ నాకు ఆ తప్పు తెలిసిరాలేదు.

ఆ తర్వాత చలికాలం, అక్కడి రుతువులు మనకి తలకిందులు. పన్నెండో అంతస్తులో ఫ్లాటు. కిటికీలోంచి మంచుకొండలు. కింద రోడ్డు మీదికి వెళ్తే అందరూ స్పానిష్. ఊళ్ళో అయితే తెల్లారి వాకిలి ఊడుస్తూనే పదిమందిని పలకరించే మనిషి, అక్కడ అడిగినదానికి "ఊఁ" అని మాత్రం అనేవారు. తిన్నారా అంటే ఊఁ. చలేస్తోందా అంటే ఊఁ. సాయంత్రం కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటే దీపాలు పెట్టేదాకా కదిలేవారు కాదు. నేను వంటింట్లోంచి ఆ వెనకభాగం చూస్తూ ఏం మాట్లాడాలో తెలియక గిన్నెలు సర్దుతుండేదాన్ని.

సెప్టెంబర్ 18 చిలీవాళ్ళ జాతీయ దినం. ఆ వారం సెలవులొచ్చాయి. మావారికి మాత్రం ఏదో ప్రాజెక్టు టెన్షన్, ఆఫీసు వదలలేని పరిస్థితి. "అమ్మని తీసుకుని నువ్వెళ్ళు, ఎటైనా వెచ్చగా ఉండే చోటికి" అన్నారు. ఈస్టర్ దీవి ఎందుకు ఎంచుకున్నానో సరిగ్గా చెప్పలేను. చిన్నప్పుడు జనరల్ నాలెడ్జి పుస్తకంలో చూసిన పెద్ద రాతిముఖాల బొమ్మ మనసులో ఉండిపోయింది, అంతే.

శాంటియాగో నుంచి అయిదు గంటల పైన విమానం. అయిదు గంటలూ కింద నీళ్ళే. దిగే ముందు అకస్మాత్తుగా ఒక పచ్చటి కొండ, దాని పక్కనే ఇంత చిన్న దీవికి ఎందుకో అనిపించేంత పొడుగు రన్‌వే. అమెరికావాళ్ళ స్పేస్ షటిల్‌కి ఆపదొస్తే దిగడానికని 1980లలో దాన్ని పొడిగించారట. అత్తయ్యగారికి అదంతా చెప్పాను. ఊఁ అన్నారు. ఆ పచ్చటి కొండే రానో కావు అని అప్పటికి నాకూ తెలియదు.

మేం దిగింది హంగా రోవాలో. దీవి మొత్తానికీ అదొక్కటే ఊరు. గుర్రాలు రోడ్ల మీద మన ఆవుల్లాగే తిరుగుతున్నాయి. మేం బస చేసిన ఇంటి యజమానురాలు, ఆ ఇంటావిడ, ఆ దీవి మనిషే, రాపా నుయీ. అరవై ఏళ్ళుంటాయి. అత్తయ్యగారి మోకాళ్ళ సంగతి చూసి, కొండ మీదికి నడక వద్దు, పొద్దున్నే నా బండిలో తీసుకెళ్తానంది.

ఆ పొద్దున సన్నగా వాన పడి ఆగింది. ఎర్రమట్టి రోడ్డు మీద, నీలగిరి చెట్ల మధ్యనుంచి బండి పైకి ఎక్కింది. దారి పొడుగునా కొండే అనుకున్నాం. బండి ఆపి నాలుగడుగులు వేసేసరికి ఇక కొండ లేదు. నేల ఒక్కసారిగా తెగిపోయి, ఎదురుగా ఒక పెద్ద గిన్నె. ఈ అంచు నుంచి ఆ అంచుకి ఒకటిన్నర కిలోమీటరు ఉంటుంది. గోడలు నిలువుగా దిగిపోయాయి. అడుగున చెరువు. చెరువంటే ఒకటే నీళ్ళు కాదు, ముక్కలుముక్కలుగా పచ్చటి తెప్పలు, వాటి మధ్య మధ్య నల్లటి నీటిమడుగులు, ఒక్కో మడుగులో ఒక్కో ముక్క ఆకాశం. నాకు నోట మాట రాలేదు. గాలికి అత్తయ్యగారి పమిట ఎగిరిపోతుంటే రెండు చేతులా పట్టుకుని, కళ్ళు చికిలించి చాలాసేపు చూసి, అప్పుడన్నారు ఆ మాట.

"తుంగ కాదేమో అత్తయ్యగారూ, ఇంత దూరం నుంచి ఎలా తెలుస్తుంది?" అన్నాను.

"ఎందుకు తెలీదు? ఆ పసుపు కలిసిన పచ్చ చూడు. గాలి వస్తే ఒకవైపుకి ఎలా పడుకుంటోందో చూడు. కిక్కిస అలా పడుకోదు. జమ్ము అంత మెత్తన కాదు. తుంగే."

ఇంటావిడని అడిగాను. స్పానిష్‌లో దాన్ని తొతోరా అంటారంది. చాపలు, బుట్టలు అల్లుతారంది. పెరూ, బొలీవియాల మధ్య టిటికాకా చెరువులో పడవలు కట్టేదీ ఈ జాతి గడ్డేనంది. అది తుంగ కుటుంబపు మొక్కేనని తర్వాత చదివి తెలుసుకున్నాను. కానీ అత్తయ్యగారికి ఆ రుజువుతో పనిలేదు. "చాపలు అల్లుతారంట" అని నేను చెప్పగానే, "మరి, నేనేం చెప్పాను" అన్నట్టు నా వైపు చూశారు. నాలుగు నెలల తర్వాత ఆ ముఖంలో వెలుగు.

ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. ఈ చెరువులో ఏ ఏరు కలుస్తుంది? ఏ ఏరూ లేదండీ, ఈ దీవిలో నదులే లేవు. మన కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు ఉన్నట్టు దీనికి ఏదీ లేదు, పైనుంచి పడ్డ వానే. మరి నీళ్ళు ఎటు పోతాయి, ఉప్పుటేరు లాంటిదేమైనా ఉందా? లేదు. పడ్డ నీళ్ళు పడ్డట్టే ఉంటాయి. అక్కడి భాషలో రానో అంటేనే నీళ్ళున్న అగ్నిపర్వతపు గుంట. దీవిలో అలాంటివి మూడే ఉన్నాయి: రానో కావు, రానో రరాకు, రానో అరోయి. వందల ఏళ్ళపాటు ఆ జనానికి మంచినీళ్ళకి పెద్ద ఆధారం ఈ గుంటలు.

"ఎప్పుడు మండిందట ఇది?"

లక్షన్నర నుంచి రెండు లక్షల ఏళ్ళ కిందటట అన్నాను. కొండ లోపలి నిప్పంతా బయటికి పోయాక నడినెత్తి కూలి కిందికి దిగబడిపోయి ఇలా గిన్నె అయిందట. ఆవిడ ఆ లెక్క పట్టించుకోలేదు. చేతులు జోడించి, "పెద్దింట్లమ్మా" అని కొల్లేటికోట అమ్మవారిని తలుచుకుని దణ్ణం పెట్టుకున్నారు. అంత పెద్ద నిప్పు ఉన్న చోట ఇంత చల్లటి నీళ్ళు నిలిచాయంటే ఆవిడకి తోచింది అదే. నాకూ సరైన పనే అనిపించింది.

దక్షిణం వైపు గిన్నె అంచు బాగా కిందికి తరుక్కుపోయి ఉంది. దాన్ని కరి కరి అంటారు. ఆ చోట లోపల చెరువు, బయట మహాసముద్రం, మధ్యలో ఒక సన్నటి మట్టిగోడ, మూడూ ఒక్క చూపులో కనపడతాయి. అలలు బయటి నుంచి ఆ గోడని తింటూనే ఉన్నాయి. వచ్చిన వాళ్ళంతా ఫోటోలు తీసుకునేది అక్కడే. అత్తయ్యగారు మాత్రం దాన్ని చూసి కంగారుపడ్డారు. "గండి పడుతుందమ్మాయ్ అక్కడ. ఇసుక బస్తాలు వేసుకోవద్దూ వీళ్ళు?" డెల్టాలో పుట్టిన మనిషికి గట్టు పల్చబడితే కంటికి నిద్ర పట్టదు. ఈ మాట ఇంటావిడకి చెప్తే నవ్వలేదు. ఏదో ఒక రోజు పడుతుంది, మా మనవల మనవలు చూస్తారేమో, అంది.

కాసేపు అంచున రాళ్ళ మీద కూర్చున్నాం. పైన అంత గాలి కొడుతోందా, లోపల గిన్నెలో చెట్టుకొమ్మ కదలడం లేదు. ఆ దీవిలో గాలి ఎప్పుడూ ఆగదు, ఉప్పుగాలి. అందుకే అక్కడి పూర్వీకులు రాళ్ళతో గుండ్రంగా చిన్న చిన్న దడులు కట్టి వాటిలో చామ, అరటి పెంచేవారు. వాటిని మనవాయి అంటారు. రానో కావు అలాంటి దడే, దేవుడు కట్టింది. లోపల అంజూరాలు, అరటి, ద్రాక్ష తీగలు ఎవరూ నీళ్ళు పోయకుండానే పెరుగుతున్నాయి. దీవి అంతటా నశించిన మొక్కలు కొన్ని ఆ గిన్నెలో దాక్కుని బతికాయి.

అప్పుడు చెప్పింది ఇంటావిడ తొరొమిరో కథ.

తొరొమిరో అంటే నిలువెత్తు కంటే కొంచెం పెద్దగా పెరిగే చిన్న చెట్టు. పసుపు పూలు, ముడులు ముడులుగా ఉండే కాయలు. మన కంది, జనుము కుటుంబమే. దీవివాళ్ళు దేవతాబొమ్మలు చెక్కేది ఆ కర్రతోనే. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఒకప్పుడు దీవి నిండా ఉండేదట. మనుషులు నరికింది కొంత. తర్వాత పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఒక కంపెనీ దీవి మొత్తాన్నీ గొర్రెల దొడ్డి చేసింది. 1953 దాకా అదే వ్యవహారం. మనుషుల్ని హంగా రోవాలో గోడకట్టి ఉంచి, మిగతా నేలంతా వేలకు వేల గొర్రెలకు వదిలారు. గొర్రెలు మేసింది మేయగా, చివరికి మిగిలింది ఒక్కటే చెట్టు. ఇదుగో, ఈ గిన్నె లోపల, గొర్రె దిగలేని చోట. 1955-56లో నార్వే నుంచి థార్ హెయెర్డాల్ బృందం వచ్చినప్పుడు ఆ చెట్టు కాయలు కోసి గింజలు యూరప్‌కి పట్టుకెళ్ళారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ బొటానికల్ గార్డెన్లో అవి మొలకెత్తాయి. 1960 వచ్చేసరికి ఇక్కడి చెట్టు లేదు.

నేను వాక్యం వాక్యం తెలుగులోకి మార్చి చెప్తున్నాను. "గింజలు పట్టుకెళ్ళారు" అన్నచోట అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు.

"మొలిచాయా?"

"మొలిచాయంట. అక్కడ పెద్ద చెట్లయ్యాయి. కానీ ఆ పిల్లమొక్కల్ని మళ్ళీ ఈ దీవికి తెచ్చి నాటితే బతకడం లేదంట. ఎన్నోసార్లు నాటారంట, చాలామటుకు చచ్చిపోతున్నాయంట."

ఆవిడ చెరువు వైపే చూస్తూ కాసేపు ఆగారు. "గింజలొక్కటే పట్టుకుపోతే ఎలాగ? తల్లిచెట్టు కింద మన్ను కూడా కాస్త పట్టుకెళ్ళాల్సింది. మనం నారు పీకితే వేరుతో మట్టి రాదూ? జనుము వేరు చూడు, బుడిపెలు బుడిపెలుగా ఎలా ఉంటుందో. ఆ బుడిపెలు మట్టిలోంచే కదా వచ్చేది. కొత్త మట్టిలో దానికి చుట్టం ఎవరున్నారు?"

ఇంటావిడకి నాకు వచ్చినంతలో చెప్పాను. ఆమె అత్తయ్యగారి వైపు తిరిగి, గుండె మీద చెయ్యి వేసుకుని తల ఊపింది. చాలా ఏళ్ళ తర్వాత చదివాను, ఆ చెట్టు వేళ్ళకి తోడుండే మట్టిలోని బాక్టీరియా మీద పరిశోధకులు నిజంగానే పనిచేస్తున్నారని. అత్తయ్యగారు ఎనిమిదో తరగతి దాకా చదువుకున్నారు.

మట్టి అంటే ఇంకొకటి. ఆ చెరువు అడుగు బురదలోకి గొట్టాలు దించి, పొరలు పొరలుగా మట్టి బయటికి తీసి, అందులో పుప్పొడి రేణువులు లెక్కపెట్టిన వాళ్ళున్నారు. జాన్ ఫ్లెన్లీ అనే శాస్త్రవేత్త 1980లలో ఈ పని చేసి, ఇప్పుడు చాలామటుకు గడ్డే ఉన్న ఈ దీవి మీద ఒకప్పుడు పెద్ద పెద్ద తాళజాతి చెట్ల అడవి ఉండేదని చూపించాడు. ఇది చెప్తే అత్తయ్యగారు వెంటనే, "తాడిచెట్లా? ఉంటే దోనెలు చేసుకునేవాళ్ళు పాపం" అన్నారు. కొల్లేటిలో తాటిమొద్దు తొలిచి దోనె చేస్తారు. ఆవిడ చిన్నప్పుడు బడికి వెళ్ళింది దోనె మీదే. వానాకాలం వస్తే గడప దాటితే దోనె. చెట్లు పోయాక ఈ దీవివాళ్ళకి పెద్ద పడవకి కర్రలేదు. సముద్రం నడిబొడ్డున ఉండి పడవ లేకపోవడం అంటే ఎంత కష్టమో నాకు పుస్తకంలో చదివినప్పటికంటే ఆవిడ ముఖం చూసినప్పుడు బాగా అర్థమైంది.

అంచు వెంబడే పడమటి కొసకు వెళ్తే ఒరోంగో. అక్కడ నిలబడితే ఎడమవైపు గిన్నె, కుడివైపు మూడు వందల మీటర్ల దిగువన సముద్రం. మధ్యనున్న ఇరుకు నేల మీద పలకరాళ్ళు పేర్చి కట్టిన ఇళ్ళు, యాభైకి పైనే. పైకప్పు కూడా రాళ్ళే, దాని మీద గడ్డి. గుమ్మం మోకాలెత్తు. లోపలికి పాకుతూ వెళ్ళాలి. కిందికి చూస్తే సముద్రంలో మూడు రాతి దిబ్బలు: మోటు నుయి, మోటు ఇతి, మోటు కావో కావో.

ప్రతి ఏడూ సరిగ్గా ఈ వసంతం రోజుల్లోనే తెగల పెద్దలంతా ఒరోంగోకి చేరేవారు. ఒక్కో పెద్ద తరఫున ఒక్కో కుర్రాడు ఈ కొండచరియ దిగి, అలల్లో ఈది, మోటు నుయి చేరి, అక్కడి గుహల్లో కాచుకుని కూర్చోవాలి. మనుతరా అనే సముద్రపక్షి వచ్చి పెట్టే మొదటి గుడ్డు కోసం. గుడ్డు దొరికినవాడు దాన్ని నుదుటికి కట్టుకుని, పగలకుండా ఈదుకుంటూ వచ్చి, చరియ ఎక్కి తన పెద్ద చేతిలో పెట్టాలి. ఆ పెద్దే ఆ ఏడాదికి తంగత మను, అంటే పక్షిమనిషి. సొరచేపల నోట పడ్డవాళ్ళున్నారు, చరియ మీంచి జారినవాళ్ళున్నారు. ఈదేటప్పుడు చంకకింద పెట్టుకునే తేలుడు కట్ట ఉంది చూశారూ, పోరా అంటారు, అది ఈ గిన్నెలోని తుంగతో కట్టిందే. 1860ల దాకా ఈ ఆచారం నడిచింది.

అత్తయ్యగారు ఆ మూడు దిబ్బల్నీ వేలితో లెక్కపెట్టారు. "మనకి ఆటపాకకి గూడబాతులు రావూ! అవి వచ్చాయంటే ఊళ్ళో అందరికీ అదో ధైర్యం. ఏడు బాగుంటుందని." ఆవిడకి ఈ పోటీలో వింతేమీ కనపడలేదు. పక్షి కోసం ఎదురుచూడటం ఆవిడకి తెలుసు.

ఒక ఇంటి ముందు మాత్రం ఎక్కువసేపు ఆగాం. అందులో ఒకప్పుడు నిలువెత్తు కంటే పెద్ద నల్లరాతి విగ్రహం ఉండేది, వీపున పక్షిమనుషుల బొమ్మలు చెక్కి. 1868లో టోపాజ్ అనే బ్రిటిష్ ఓడవాళ్ళు దాన్ని పెకిలించి తీసుకెళ్ళారు. ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. దాని పేరు హోవా హకననాయియా. దొంగిలించబడ్డ నేస్తం అని దానికి అర్థం చెప్తారు. "దేవుణ్ణి ఎత్తుకుపోయారా!" అన్నారు అత్తయ్యగారు, గొంతు తగ్గించి, చావు కబురు విన్నట్టు. తిరిగి బండి దాకా ఆ ఇంటావిడ చెయ్యి పట్టుకునే నడిచారు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి ముక్క రాదు.

సాయంత్రం ఇంటికొచ్చాక ఇంటావిడ లోపల్నుంచి ఎండిన తుంగకట్ట ఒకటి తెచ్చి అత్తయ్యగారి ఒళ్ళో పెట్టింది. ఆవిడ ఒక కాడ తీసి, గోరుతో నిలువుగా చీల్చి, లోపలి తెల్లటి బెండుని వేళ్ళతో నొక్కి చూశారు. వాసన చూశారు. "మనదానికంటే లావు. నానబెట్టి చీల్చుకోవాలి" అన్నారు. అని ఊరుకోలేదు. వరండాలో కూర్చుని రెండు కాళ్ళూ చాచి, నాలుగు కాడలు అడ్డం నాలుగు నిలువు వేసి, అరచేతి వెడల్పున చాప మొదలుపెట్టారు. ఇంటావిడ ఎదురుగా కూర్చుని తన పద్ధతిలో ఇంకొకటి. నేను ఇద్దరి చేతులూ చూస్తూ ఉండిపోయాను. ముడతలు పడ్డ ఆ నాలుగు చేతుల్లో ఎవరివి ఎవరివో తెలియనంతగా ఒకే లయ.

ఆ గడ్డిని రాపా నుయీ భాషలో ఏమంటారని అడిగాను. ఇంటావిడ ముక్కుతో మొదలయ్యే ఒక మాట అంది. రెండుసార్లు చెప్పించుకున్నాను. ఙాటు. పలక మీద క ఖ గ ఘ తర్వాత దిద్దించి, ఆ తర్వాత జీవితంలో ఎక్కడా వాడని మన ఙ! దాన్ని ఒక మాట మొదట్లో వినడం నాకదే మొదటిసారి. ఇంకా ఎక్కడైనా విన్నానా అంటే లేదు.

వాళ్ళ పెరట్లో ఉన్న చెట్టుని అత్తయ్యగారే చూశారు. గుండె ఆకారంలో ఆకులు, నున్నగా. "అమ్మాయ్, గంగరావి!" నిజంగా గంగరావే. కాలవగట్ల మీద, రేవుల దగ్గర మనకి కనపడేదే. అక్కడ దాన్ని మకోయీ అంటారు. రానో కావు లోపల కూడా ఉందంది ఇంటావిడ. వెనకటి వాళ్ళు రొంగోరొంగో లిపిలో రాతలు చెక్కిన కొయ్యపలకల్లో చాలావాటికి ఆ కర్రే వాడారట. ఆ పలకలు ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద పాతిక దాకా ఉన్నాయి, ఆ దీవిలో ఒక్కటీ లేదు. చదవగలిగినవాళ్ళూ లేరు. 1862లో పెరూ నుంచి బానిసల వేటకి ఓడలొచ్చి వెయ్యి మందికి పైగా జనాన్ని పట్టుకుపోయాయి. చదువు తెలిసినవాళ్ళు అందులోనే పోయారు. తిరిగొచ్చిన కొద్దిమందితో మశూచి వచ్చింది. 1877 నాటికి దీవి మీద మిగిలింది 111 మంది. ఇంటావిడ ఆ అంకె చెప్పి, తన ముగ్గురు మనవల్ని చూపించింది. వీళ్ళంతా ఆ నూట పదకొండులో వాళ్ళే, అంది.

అత్తయ్యగారు లేచి వెళ్ళి ఒక గంగరావి ఆకు కోశారు. ఈనె తీసి, బిగుతుగా చుట్టి, కొసని పళ్ళతో కాస్త నొక్కి, పెదాల మధ్య పెట్టుకుని ఊదారు. బూర మోగింది! వరండాలో ఉన్న పిల్లలు ఒక్కసారిగా తిరిగారు. మళ్ళీ ఊదారు. అరవై ఆరేళ్ళ మనిషి, బుగ్గలు పూరించుకుని. ఆ తర్వాత గంటసేపు ఆ ఇంట్లో ఒకటే బూరల మోత. పెరట్లో చెట్టు అందినంత మేర బోడి అయింది. ఆ రాత్రి ఇంటావిడ సముద్రపు చేప తెస్తే అత్తయ్యగారు నిమ్మకాయ పిండి పులుసు పెట్టారు, చిలగడదుంపలు నిప్పుల్లో కాల్చారు. చిలగడదుంపే ఆ దీవికి అన్నం, ఎప్పటి నుంచో. పసుపు కూడా వాళ్ళ పూర్వీకులు వచ్చేటప్పుడు పడవల్లో తెచ్చుకున్నారని విని, "తెచ్చుకోకుండా ఎలా వస్తారు" అన్నారు.

మిగిలిన రెండు రోజులూ అందరూ చూసేవే చూశాం. రానో రరాకు కొండవాలున పూర్తిగా చెక్కినవీ, సగం చెక్కి వదిలేసినవీ కలిపి రాతిమనుషులు దాదాపు నాలుగు వందలు. అదీ అగ్నిపర్వతమే, దానిలోనూ చెరువే, చెరువులో తుంగే. టోంగారికిలో సముద్రానికి వీపు పెట్టి నిలుచున్న పదిహేను విగ్రహాలు. 1960లో చిలీ భూకంపం తాలూకు అల వచ్చి ఆ విగ్రహాల్ని లోపలికి దూరంగా విసిరికొట్టిందని, తర్వాత 1990లలో జపాన్‌వాళ్ళ క్రేనుతో మళ్ళీ నిలబెట్టారని చెప్తే, అత్తయ్యగారు 1977 దివిసీమ ఉప్పెన సంగతి ఎత్తారు. అది వేరే కథ, ఆవిడే చెప్పాలి. నాకు మాత్రం ఆ విగ్రహాల కంటే రానో కావే ఎక్కువ. ఇప్పటికీ ఎవరైనా ఈస్టర్ దీవి అంటే నా కళ్ళముందు రాతిముఖం రాదు. పచ్చటి తెప్పలూ, వాటి మధ్య నల్లటి నీళ్ళూ వస్తాయి.

వచ్చే రోజు పొద్దున ఇంటావిడ పెరట్లో గంగరావి కింద ఎండుకాయలు రాలి ఉన్నాయి. అత్తయ్యగారు రెండు ఏరి, చీర కొంగున ముడి వెయ్యబోయి, నా ముఖం చూసి ఆగారు. నేను ఏమీ అనలేదు. ఆవిడే ముడి విప్పి, కాయల్ని ఎక్కడివక్కడ పెట్టేసి, "మళ్ళీ ఆ బుట్టలో పడేస్తారు. ఇక్కడే ఉండనీ" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. ఎయిర్‌పోర్టు నాటి సంగతి మా ఇద్దరి మధ్యా పైకి రావడం అదొక్కసారే. నేను అప్పుడు క్షమించమని అడిగాను. "పిచ్చిదానా" అని నా తల నిమిరారు.

శాంటియాగో వచ్చాక ఆవిడ కిటికీ దగ్గర కూర్చోవడం మానలేదు గానీ, కుర్చీ వంటింటి వైపు తిప్పుకున్నారు. దోనెలు, లంకలు, వలలు, పెళ్ళినాడు మామయ్యగారు నీళ్ళలో జారిపడ్డం, అన్నీ చెప్పారు. కొల్లేటి చాంతాడంత కబుర్లు. కొన్ని మావారికి కూడా తెలియవు. కూరల మార్కెట్లో కొన్న కొత్తిమీర వేరుతో తెచ్చి కుండీలో గుచ్చారు. మరుసటి ఏడాది వేసవికి ఊరికి వెళ్ళిపోయారు, అదే మంచిదని ఆవిడకీ మాకూ తెలుసు.

ఊరికి వెళ్ళిన ఏడాదే తొలకరికి కాలవగట్టు మీద గంగరావి కొమ్మ ఒకటి నాటించారు. దాన్ని ఇంట్లో అందరూ రానో చెట్టు అంటారు. పాలేరుతో సహా. ఎందుకంటారో అతనికి తెలియదు.

మేం ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాం. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు చెట్టు నిండా పూలు. పొద్దున్న పసుపుగా విచ్చుకున్నవి సాయంత్రానికి ఎర్రబడి వేలాడుతున్నాయి. అత్తయ్యగారికి ఇప్పుడు చూపు తగ్గింది, కొన్ని పేర్లు మర్చిపోతున్నారు. మంచం వాల్చుకుని ఆ నీడలో కూర్చుని నన్ను అడిగారు, ప్రతిసారీ అడిగేదే:

"అమ్మాయ్, ఆ గుంటలో చెట్టు మళ్ళీ బతికిందా?"

ఇంకా ప్రయత్నిస్తూనే ఉన్నారంట అత్తయ్యగారూ, అన్నాను.

ఆవిడ చెయ్యి చాచి మంచం పక్కన తడుముకుని ఒక ఎండుకాయ అందుకున్నారు. అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఉఫ్‌మని ఊది, గింజలు వేలితో లెక్కపెట్టి మా అమ్మాయి గుప్పిట్లో పోశారు. "మీ బాల్కనీలో పెద్ద కుండీ ఉందిగా, అందులో వెయ్యి." పిల్ల తల ఊపి పరిగెత్తబోయింది. "ఆగవే, ఉట్టి గింజలు పట్టుకుపోతావేంటి" అంటూ చేతికర్ర మొనతో గట్టు మీద మన్ను పెళ్ళగించి, ఇంట్లోకి కేకేశారు, ఒక కవరు పట్టుకురమ్మని.